హైదరాబాదుకు కొత్తగా వచ్చారా? స్నేహితులను ఇలా సంపాదించుకోండి

ఉద్యోగం దొరికింది. అమీర్‌పేటలోనో కొండాపూర్‌లోనో హాస్టల్ గది కుదిరింది. ఆఫీసుకు ఏ దారిన వెళ్లాలో, ఇడ్లీ ఎక్కడ బాగుంటుందో తెలిసిపోయింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజులు వాటంతటవే గడిచిపోతాయి. శనివారం పొద్దున లేవగానే మాత్రం ఈ రెండు రోజులూ ఎలా గడపాలన్న దిగులు పట్టుకుంటుంది. శ్రీకాకుళం నుంచో, కడప నుంచో, ఆదిలాబాదు నుంచో వచ్చి ఇక్కడ ఒంటరిగా ఉంటున్న చాలామందికి ఈ దిగులు తెలుసు. కోటిమందికి పైగా ఉన్న నగరంలో, అందులోనూ మన భాషే మాట్లాడే నగరంలో, మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక్కరూ లేకపోవడం చిన్న బాధ కాదు. సిగ్గుపడి దాచుకోవలసిన బాధ కూడా కాదు. దీనికి ఒక పద్ధతి ఉంది. కాస్త ఓపిక పడితే మాటకారులకే కాదు, మొహమాటస్తులకు కూడా అది పనిచేస్తుంది.

బడిలో, కాలేజీలో మనకు స్నేహితులు ఎలా దొరికారో ఒకసారి తలచుకోండి. ఎవరం ప్రత్యేకంగా ప్రయత్నించలేదు. ఒకే బెంచీ, ఒకే హాస్టల్, ఒకే బస్సు. రోజూ అవే ముఖాలు. కలిసి గడిపిన గంటలే స్నేహాన్ని తయారుచేశాయి. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు ఈ గంటలను లెక్కగట్టే ప్రయత్నం చేశాడు. 2018లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడని చెప్పుకునే స్థితికి సుమారు 90 గంటలు, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైగా పడుతుంది. పక్కపక్కన కూర్చుని పనిచేసుకున్న గంటలకు ఇందులో పెద్దగా విలువ లేదు. కలిసి తిన్న, ఆడిన, కబుర్లు చెప్పుకున్న గంటలే లెక్కలోకి వస్తాయి. ఆఫీసులో రోజూ ఎనిమిది గంటలు కలిసి ఉన్నా కొందరు పరిచయస్తులుగానే మిగిలిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి మీ ముందున్న పని ఒక్కటే. కొద్దిమంది మనుషులతో ఈ గంటలు కూడేలా వారాన్ని అమర్చుకోవాలి. ప్రతి ఆదివారం ఒక కొత్త చోటికి వెళ్లి కొత్తవారిని పలకరించి రావడం వల్ల ఈ పని జరగదు. ఒకే చోటికి, ఒకే వేళకు, మళ్లీ మళ్లీ వెళ్తేనే జరుగుతుంది.

మొదటి పని: శుక్రవారం రాత్రి బస్సు ఎక్కడం మానండి

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక కూకట్‌పల్లిలోనో, లక్డీకాపూల్‌లోనో, ఎల్బీనగర్‌లోనో ట్రావెల్స్ బస్సులు ఆగే చోట నిలబడి చూడండి. వీపున బ్యాగు, చేతిలో ఫోను, పక్కన మడతపెట్టిన దుప్పటి. విజయవాడ, రాజమండ్రి, తిరుపతి వైపు వెళ్లే యువతీయువకులతో రోడ్డు నిండిపోతుంది. ఇంటి మీద బెంగ సహజమే, తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ హైదరాబాదులో ఆటలు, నడకలు, నాటకాలు, సభలు అన్నీ ఉండేది ఆ రెండు రోజుల్లోనే. ప్రతివారం ఊరెళ్లేవారికి ఈ నగరం ఆఫీసుగానే మిగిలిపోతుంది. రెండేళ్లు గడిచినా ఇక్కడ ఎవరూ తెలియరు.

నెలకు ఒకసారి ఊరికి, పండగలకు తప్పనిసరిగా ఊరికి, మిగతా వారాంతాలన్నీ ఇక్కడే అని నియమం పెట్టుకోండి. అమ్మకు ఈ మాట ముందే చెప్పేయండి. ప్రతి గురువారం "ఈ వారం వస్తున్నావా?" అని అడిగించుకుని, రాలేనని చెప్పి బాధపడటం కంటే నెలలో ఏ వారం వస్తారో తేదీతో సహా చెప్పడం మేలు. ఆదివారం భోజనాల వేళ తీరికగా వీడియో కాల్ చేయండి. పాత స్నేహితుల విషయం కూడా అంతే. రోజూ రాత్రి గంటలకొద్దీ వాళ్లతోనే ఫోనులో గడిపితే ఎదుట ఉన్న మనుషులను పలకరించాలన్న ఆకలి చచ్చిపోతుంది.

రెండో పని: గది చుట్టూ అరగంట గీత గీసుకోండి

హైదరాబాదులో దూరాన్ని కిలోమీటర్లలో కొలిచి లాభం లేదు, నిమిషాల్లో కొలవాలి. కొండాపూర్‌లో ఉంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో గిటార్ తరగతిలో చేరినవారు మొదటి నెల ఉత్సాహంగా వెళ్తారు. వానాకాలం మొదలవగానే మానేస్తారు. గదినుంచి అరగంటలో చేరగలిగే చోట్లనే ఎంచుకోండి.

మెట్రో స్టేషన్ దగ్గర ఉన్నవారికి ఈ గీత ఇంకాస్త పెద్దదవుతుంది. మియాపూర్–ఎల్బీనగర్ మార్గంలో ఉంటే నాటకాలు, సభలు జరిగే రవీంద్రభారతి, నాంపల్లి దగ్గరవుతాయి. జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంలో త్యాగరాయ గానసభకు దగ్గరైన చిక్కడపల్లి స్టేషన్ ఉంది. నాగోలు–రాయదుర్గం మార్గం సికింద్రాబాదు వైపు ఉన్నవారిని మాదాపూర్‌తో కలుపుతుంది. కొత్తగా గది వెతుక్కుంటున్నవారికి నా సలహా ఇది: అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువైనా మెట్రోకు నడిచి వెళ్లగలిగే చోటే తీసుకోండి. సాయంత్రం కార్యక్రమాలు చూసి తిరిగి రావడం అప్పుడే సులువు, ముఖ్యంగా ఆడపిల్లలకు.

ఇక ఆ గీతకు నడుమ ఉన్నది మీ హాస్టలే. పక్కగదివారితో స్నేహం కుదిరే అవకాశం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ విద్యార్థుల గృహసముదాయంలో చేసిన పరిశీలన 1950లో పుస్తకంగా వచ్చింది. ఎవరు ఎవరికి స్నేహితులయ్యారని ఆరా తీస్తే, పక్కపక్క తలుపులవారే ఎక్కువగా తేలారు. రెండిళ్ల అవతల ఉన్నవారితో స్నేహం అంతకంటే తక్కువ. మెట్ల దగ్గర, తపాలా పెట్టెల దగ్గర ఇళ్లున్నవారికి పై అంతస్తువారితోనూ పరిచయాలు పెరిగాయి. మన హాస్టళ్లలో ఆ మెట్లకు బదులు మెస్సు ఉంటుంది. కంచంలో అన్నం పెట్టుకుని గదికి పోయి ఫోను చూస్తూ తినే అలవాటు ఉంటే ఇవాళే మానండి. మెస్సులోనే కూర్చుని తినండి. ఆదివారం మధ్యాహ్నం చికెన్ వండే రోజున ఎవరూ తొందరపడరు, మాటలు సాగుతాయి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి టీవీ ఉన్న గదిలోకి వెళ్లి కూర్చోండి. ఇందుకు ఖర్చేమీ లేదు, ప్రయాణం కూడా లేదు.

మూడో పని: ఒంటికి ఒకటి, మనసుకు ఒకటి ఎంచుకోండి

రెండు వ్యాపకాలు చాలు. ఒకటి ఒళ్లు కదిలించేది, ఇంకొకటి మనసుకు నచ్చేది. రెండూ వారంవారం జరిగేవి, వచ్చేవారు పెద్దగా మారనివి అయి ఉండాలి. ఒక్క రోజు శిబిరాలు, ఒక్క పూట విందులు సరదాగా ఉంటాయి గానీ అక్కడ కలిసినవారు మళ్లీ కనిపించరు.

ఒంటికి సంబంధించి బ్యాడ్మింటన్‌ను మించినది హైదరాబాదులో లేదని నా గట్టి నమ్మకం. పుల్లెల గోపీచంద్ అకాడమీ ఉన్న ఊరు ఇది. సైనా, సింధు ఇక్కడే ఆడి ప్రపంచానికి తెలిశారు. ఇప్పుడు గచ్చిబౌలి నుంచి ఉప్పల్ దాకా దాదాపు ప్రతి పేటలోనూ గంట అద్దెకు ఇచ్చే ఇండోర్ కోర్టులు ఉన్నాయి. ప్లేయో లాంటి యాప్‌లలో ఒక్కరుగా ఉన్నవారు కూడా ఎవరో వేసుకున్న ఆటలో చేరవచ్చు. అయితే అంతకంటే మంచి దారి ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున ఆరింటికి దగ్గరలోని కోర్టుకు వెళ్లి అక్కడి నిర్వాహకుణ్ని కలవండి. "అన్నా, డబుల్స్‌కు మనిషి తక్కువైన బ్యాచ్ ఏదైనా ఉందా? నేను రోజూ రాగలను" అని అడగండి. ఏ బ్యాచ్‌లో ఎవరు పెళ్లి చేసుకుని మానేశారో, ఎవరికి మోకాలు నొప్పో అతనికి తెలుసు. డబుల్స్‌కు నలుగురు కావాలి. ముగ్గురే వచ్చిన రోజున వాళ్లకు మీరు ఎంత అవసరమో చెప్పలేను. ఆట రాకపోతే దాచకుండా చెప్పండి. సరిగ్గా వేళకు వచ్చే మామూలు ఆటగాడు, ఎప్పుడు వస్తాడో తెలియని మంచి ఆటగాడి కంటే ఆ బృందానికి ముద్దు. షటిళ్ల డబ్బు, కోర్టు అద్దె అడగకముందే పంపించండి.

వారంలో నాలుగు రోజులు గంట చొప్పున ఆడితే 50 గంటలు మూడు నెలల్లో పూర్తవుతాయి. వారానికి ఒక్కసారి రెండు గంటలు కలిస్తే ఆరు నెలలు పడుతుంది. నెల తిరగ్గానే "ఎవరూ దగ్గర కాలేదు" అని నిరాశపడేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ఆట ఇష్టం లేనివారికి నడక ఉంది. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే నడిచే బృందాలు, ఇందిరా పార్కు, కృష్ణకాంత్ పార్కు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లలో రోజూ ఒకే బల్ల దగ్గర చేరే మనుషులు ఉంటారు. పరుగు మీద ఆసక్తి ఉన్నవారికి హైదరాబాద్ రన్నర్స్ ఉంది. ఏటా ఆగస్టులో జరిగే మారథాన్ కోసం నెలల ముందునుంచే పేటపేటకూ సాధన బృందాలు నడుస్తాయి, కొత్తవారిని చేర్చుకుంటాయి. సైకిలు ఉన్నవారు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల కప్పు వేసిన దారి చూడాలి. 2023లో తెరిచినప్పుడు ఈ దారి పొడవు 23 కిలోమీటర్లు. ఆదివారం తెల్లవారుజామున అక్కడ గుంపులుగా తొక్కేవారు కనిపిస్తారు.

మాటలు రానివారికి, కొత్తవారి ముందు బిగుసుకుపోయేవారికి పక్షులను చూసే బృందాలు చాలా మంచివి. అక్కడ గట్టిగా మాట్లాడటమే కుదరదు. అందరి చూపూ చెట్టు మీద ఉంటుంది. మాట్లాడవలసి వస్తే ఎదురుగా పిట్ట ఉండనే ఉంది. 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలైన బృందం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. అమీన్‌పూర్ చెరువు, అనంతగిరి లాంటి చోట్ల పక్షులను చూడవచ్చు. అమీన్‌పూర్ చెరువు దేశంలో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన తొలి చెరువు, ఆ గుర్తింపు 2016లో వచ్చింది. అలాగే ఇక్కడి బండరాళ్లను కాపాడటానికి 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' రాళ్ల నడుమ నడకలు ఏర్పాటు చేస్తుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న ఆ గ్రానైటు గుట్టల మధ్య నడిచేటప్పుడు పక్కవారితో మాట కలపడం కష్టమేమీ కాదు.

మనసుకు నచ్చేవాటిలో సాహిత్యం, నాటకం, సంగీతం ముందు చెబుతాను. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతిలో, చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో సాయంత్రాల్లో ఏదో ఒక సభ, నాటకం, కచేరీ ఉంటూనే ఉంటాయి. చాలావాటికి టికెట్టు ఉండదు. దినపత్రికల నగర పేజీలో 'నేటి కార్యక్రమాలు' చూస్తే ఆ రోజు ఎక్కడ ఏముందో తెలుస్తుంది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 దగ్గర ఉన్న లామకాన్ 2010 నుంచి అందరికీ తెరిచి ఉన్న వేదిక. నాటకాలు, గజళ్లు, చర్చలు, హాస్య ప్రదర్శనలు జరుగుతాయి. పెద్ద బండరాయి పక్కన, చెట్ల కింద కూర్చుని చాయ్ తాగుతూ ఎంతసేపైనా గడపవచ్చు. ఎర్రమంజిల్ స్టేషన్‌లో దిగితే అక్కణ్నుంచి ఆటోలో కొద్ది దూరం.

పుస్తకావిష్కరణ సభలకు వెళ్తే అయిపోగానే గేటు వైపు నడవకండి. అసలు సభ ఆ తర్వాతే, వరండాలో టీ కప్పులతో మొదలవుతుంది. వేదిక మీద మాట్లాడినవారి చుట్టూ పదిమంది ఉంటారు. వారిని వదిలేసి, పక్కన ఒంటరిగా నిలబడి పుస్తకం తిరగేస్తున్న మనిషి దగ్గరకు వెళ్లండి. "మీరు ఈయన రచనలు ముందు చదివారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. మూడో సభకల్లా మిమ్మల్ని గుర్తుపట్టి పలకరించేవారు ఉంటారు. ఈ సభల్లో పెద్ద వయసువారు ఎక్కువగా కనిపిస్తారు. దాన్ని లోటుగా భావించకండి. ఊరు కాని ఊళ్లో జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలో చెప్పే పెద్ద మనిషి ఒకరు ఉండటం ఎంతో ధైర్యం.

సేవ కూడా మంచి దారి. చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివి వినిపించేవారు, పరీక్ష రాసిపెట్టేవారు ఎప్పుడూ కావాలి. పరీక్షను బట్టి రాసేవారి చదువు మీద నిబంధనలు ఉంటాయి, ముందే కనుక్కోండి. జంతువులంటే ప్రాణం పెట్టేవారికి జూబ్లీహిల్స్‌లో బ్లూక్రాస్ ఉంది. కలిసి ఒక పని చేస్తున్నప్పుడు "ఏం మాట్లాడాలి?" అన్న బెరుకు సగం పోతుంది.

నాలుగో పని: మాట కలపడం

మన దగ్గర మాట మొదలుపెట్టడానికి "మీది ఏ ఊరు?" అన్న ప్రశ్న ఎప్పుడూ పనికొస్తుంది. ఊరి పేరు చెప్పగానే అక్కడి స్వీటో, కొండో, బస్టాండో గుర్తొచ్చి మాట సాగుతుంది. అక్కడితో ఆగండి. ఇంటిపేరు అడగకండి, "మీరేవిటి?" అని అడగకండి. అది కులం ఆరా తీయడమేనని ఎదుటివారికి వెంటనే అర్థమవుతుంది. కొందరికి ఆ ప్రశ్న వెనక చాలా చేదు అనుభవాలు ఉంటాయి. జీతం, పెళ్లి కూడా తొలి నెలల్లో ఎత్తకూడని విషయాలే. మిమ్మల్ని ఎవరైనా ఇంటిపేరు అడిగితే నవ్వి మాట మార్చేయండి. మళ్లీ మళ్లీ అడిగేవారికి దూరంగా ఉండండి. మీ కులంవారో, మీ జిల్లావారో మాత్రమే ఉన్న బృందంలో చేరితే స్నేహాలు త్వరగానే కుదరవచ్చు, కానీ ఇంత పెద్ద ఊరికి వచ్చి కూడా మన వీధిలోనే ఉండిపోయినట్టవుతుంది.

కాస్త పెద్దవారైతే అన్నా, అక్కా అనండి. బాగా పెద్దవారైతే పేరు చివర గారు చేర్చండి. ఈడువారిని పేరుతో పిలవండి, నువ్వు అనడానికి మాత్రం వాళ్లు అనేదాకా ఆగండి. విన్న పేరు అప్పుడే ఫోనులో రాసుకోండి. పక్కన ఒక గుర్తు కూడా: "నీలం టోపీ, నంద్యాల, ఎడమచేతి ఆట." రెండోసారి కలిసినప్పుడు పేరుపెట్టి పలకరిస్తే ఆ ముఖంలో వచ్చే మార్పు మీరే చూస్తారు. కోస్తా నుంచి వచ్చి హిందీ రాదని బెంగపడేవారికి ఒక మాట. ఇక్కడివారు మాట్లాడే దక్కనీ ఉర్దూలో నాలుగు ముక్కలు తప్పులతో మాట్లాడినా ఎవరూ చిన్నచూపు చూడరు, సరదాగా నేర్పిస్తారు.

ఇంటికొచ్చాక "ఏదో పిచ్చిగా మాట్లాడాను, వాళ్లకు నేను నచ్చి ఉండను" అన్న ఆలోచన వస్తుంది. దాన్ని నమ్మకండి. మనస్తత్వ పరిశోధకురాలు ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతే తేల్చింది. కొత్తవారితో మాట్లాడినవారు, తాము ఎదుటివారికి ఎంత నచ్చారో ఎప్పుడూ తక్కువగానే అంచనా వేసుకుంటున్నారు. ఎదుటివారు కూడా తమ గదికి వెళ్లి తమ గురించి అదే అనుకుంటూ ఉంటారు.

ఐదో పని: పిలవడం

చాలా పరిచయాలు ఆగిపోయేది ఇక్కడే. కోర్టులో ఆరు నెలలు కలిసి ఆడతారు, కోర్టు బయట ఒక్కసారి కూడా కలవరు. ఎదుటివారు పిలుస్తారని ఇద్దరూ ఎదురుచూస్తారు. పిలవడం మీరే మొదలుపెట్టండి.

"ఎప్పుడైనా కలుద్దాం" అన్నది పిలుపు కాదు. దానికి "తప్పకుండా" అన్న జవాబు వస్తుంది, ఎవరూ కలవరు. రోజు, వేళ, చోటు మూడూ చెప్పండి. "అన్నా, ఆదివారం ఆట అయ్యాక టిఫిన్‌కు వెళ్దామా? కోర్టు ఎదురుగా ఉన్న హోటల్లోనే, అరగంటలో అయిపోతుంది." ఇలా ఉండాలి. మొదటి పిలుపు చిన్నదిగా ఉండాలి, ఖర్చు తక్కువ ఉండాలి, కాదనడం ఎదుటివారికి సులువుగా ఉండాలి. రాలేనంటే "సరే, ఇంకోసారి" అని వదిలేసి, రెండు వారాల తర్వాత మళ్లీ పిలవండి. మూడుసార్లు పిలిచినా రాకపోతే, వాళ్లుగా ఇంకో రోజు చెప్పకపోతే, పరిచయాన్ని పరిచయంగానే ఉంచి వేరొకరిని పిలవండి.

టిఫిన్ రెండుసార్లు అయ్యాక సగం పూట పట్టే పిలుపుకు వెళ్లవచ్చు. ఇందుకు హైదరాబాదు నిండా చోట్లే. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్న ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. తెలుగు నవలలు, పాత పత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు అన్నీ కలిసి ఉంటాయి. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరి అభిరుచి ఒకరికి అక్కడే తెలిసిపోతుంది. అక్కణ్నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. పన్నెండు కొట్టేలోగా సంగీత గడియారం ముందు చోటు చూసుకోండి. లోపలనుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొడుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది, పన్నెండో దెబ్బకు పిల్లలు చప్పట్లు కొడతారు. బయటికొచ్చి చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. గోల్కొండ ఎక్కేవారు ఫతే దర్వాజా దగ్గర ఒకరు చప్పట్లు కొట్టి, ఇంకొకరు పైనుంచి విని చూడాలి. జనవరి ఒకటి మొదలు ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది. 1938లో మొదలైన ఈ ప్రదర్శనకు ఒంటరిగా వెళ్తే తోచదు, నలుగురితో వెళ్తే రాత్రి పది దాటినా రావాలనిపించదు. పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో వస్తుంది.

ఎవరూ రాని ఆదివారం ఈ చోట్లకు ఒంటరిగానే వెళ్లండి. ఊరు తెలిసినవారిని నలుగురూ అడుగుతారు, వెంట తీసుకెళ్లమంటారు.

తర్వాతిది ఇంటికి పిలవడం. వంటగది ఉన్న ఇల్లయితే పులిహోర, పెరుగన్నం, ఒక వేపుడు చాలు. హాస్టలైతే ఊరినుంచి తెచ్చిన సున్నుండలో, కాకినాడ కాజాలో, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడో కోర్టుకు పట్టుకెళ్లండి.

పండగల వేళ ఊరుకోకండి

ఊరెళ్లడం కుదరని పండగ రోజున గది తలుపు మూసుకుని పడుకోవడం చాలా కష్టంగా ఉంటుంది. వినాయక చవితికి మీ వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో మండపం వేస్తారు. వారం ముందే కమిటీవారిని కలిసి చందా ఇచ్చి, "ఒక పని నాకు చెప్పండి" అని అడగండి. చందా ఇచ్చేవారు చాలామంది ఉంటారు, ప్రసాదాల కౌంటర్‌లో నిలబడేవారు తక్కువ. తొమ్మిది రాత్రులు పులిహోర పంచిన మనిషిని నిమజ్జనం నాటికి వీధంతా పేరుపెట్టి పిలుస్తుంది.

బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవారికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఆంధ్ర వైపునుంచి వచ్చి పాటలు తెలియకపోయినా సంకోచించకండి. గుప్పెడు తంగేడు, గునుగు పూలు పట్టుకుని వెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని వరసలు ఎలా పేర్చాలో చూపిస్తారు. రెండో రోజుకల్లా చప్పట్ల తాళం వచ్చేస్తుంది.

పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులకు

ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గర ఉండటానికి ఊళ్లో ఇల్లు తాళం వేసి వచ్చిన పెద్దవారి ఒంటరితనం గురించి ఎవరూ మాట్లాడరు. పదో అంతస్తులో పగలంతా టీవీ ముందు గడపడం, ఊళ్లో అరుగు మీద పదిమందితో బతికినవారికి నరకమే. పిల్లలు ఇక్కడ ఒక పని చేయాలి. మొదటి వారం సాయంత్రం అయిదింటికి అమ్మానాన్నలతో పాటు కిందకు దిగి, అపార్ట్‌మెంట్ తోటలో కూర్చునే పెద్దవారికి పరిచయం చేయాలి. ఆ తర్వాత వాళ్లే చూసుకుంటారు. విష్ణుసహస్రనామ పారాయణ బృందమో, పొద్దున యోగా తరగతో, దగ్గరలోని గ్రంథాలయమో ఒకటి రోజువారీ అలవాటుగా మారాలి. మెట్రో కార్డు చేతికిచ్చి రెండుసార్లు వెంట వెళ్లి చూపిస్తే నాన్న ఒంటరిగానే రవీంద్రభారతికి వెళ్లి రాగలడు.

జాగ్రత్తలు

పరిచయమైన రెండో వారంలోనే "ఒక మంచి వ్యాపార అవకాశం ఉంది, మా సార్‌ను కలుద్దాం" అంటూ హోటల్ సమావేశానికి పిలిచేవారు ఈ నగరంలో తగులుతారు. అది దాదాపు ఎప్పుడూ గొలుసుకట్టు వ్యాపారమే. కొత్తగా వచ్చిన, ఒంటరిగా ఉన్న యువత మీదే వాళ్ల కన్ను. "నాకు ఆసక్తి లేదు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. ఆ తర్వాత కూడా స్నేహంగా ఉంటే అది స్నేహమే. అప్పు ఇవ్వడం, పూచీకత్తు సంతకం పెట్టడం తొలి ఏడాది వద్దు.

ఆడపిల్లలు కొత్త బృందంతో మొదటి కొన్నిసార్లు పగటిపూట, జనం ఉన్న చోటే కలవాలి. ఎక్కడికి వెళ్తున్నారో రూమ్మేట్‌కు చెప్పి, లొకేషన్ పంపండి. చివరి మెట్రో వేళ ముందే చూసుకోండి. ఎవరైనా వేధిస్తే 112కు ఫోన్ చేయండి. తెలంగాణ పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి, వివరాలు బయటపెట్టకుండానే ఫిర్యాదు తీసుకుంటాయి.

మూడు నెలలకు ఒకసారి చూసుకోండి

క్యాలెండర్‌లో ఒక తేదీ గుర్తుపెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. మీరు రాని రోజున "ఏమైంది, రాలేదు?" అని ఒక్కరైనా అడిగారా? ఆ చోటికి బయట ఎవరినైనా కలిశారా? అక్కడికి వెళ్లే ముందు ఉత్సాహంగా ఉందా, బరువుగా ఉందా? మూడింటికీ జవాబు నిరాశగా ఉంటే వ్యాపకాన్ని మానకండి, బృందాన్ని మార్చండి. పొద్దుటి బ్యాచ్ కుదరకపోతే సాయంత్రం బ్యాచ్‌లో చేరండి. ఈ కోర్టు కాకపోతే పక్క వీధి కోర్టు. గానసభలో అందరూ మరీ పెద్దవారనిపిస్తే లామకాన్‌లో మీ ఈడువారు ఎక్కువగా కనిపిస్తారు. రెండు బృందాలు మార్చాక కూడా ఆటంటే విసుగే అనిపిస్తే అప్పుడు ఆట వదిలి నడకకో, పక్షుల దగ్గరకో వెళ్లండి. ఏది మార్చినా కొత్తదానికి మళ్లీ పూర్తి మూడు నెలల గడువు ఇవ్వండి.